కాకి ముట్టుకుంటే ఎవరికి ఫోన్ చెయ్యాలి?

మొన్న గురువారం నేను చేసిన పని వింటే మీరు టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతారు. నవ్వండి. కానీ ఆ పొద్దున తొమ్మిదింటి నుంచి పదకొండున్నర దాకా నేను పడ్డ భయం మాత్రం పగవాడికి కూడా వద్దు. మా ఇంట్లో ఆడవాళ్లు నలుగురికి మించి తెలియకూడదనుకున్న సంగతి ఒకటి, ఆ కాసేపట్లో ఏలూరులో మా అత్తగారి వీధి వీధంతటికీ తెలిసిపోయింది. చెప్పింది ఎవరో కాదు. రైల్లో రెండు రోజుల దూరాన, గుజరాత్‌లో కూర్చున్న నేనే.

ముందు మా సంగతి చెప్పాలి. నేనిక్కడ ఓడరేవు దగ్గర ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ని. అంటే, భయపడటమే నా ఉద్యోగం. ఎవరైనా నిచ్చెన చూస్తే పైకి ఎక్కొచ్చు అనుకుంటారు. నాకు దాని మీంచి పడబోయే మనిషి కనిపిస్తాడు. మా ఆవిడ పద్మ ఇక్కడే ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. రెండేళ్లకో ఊరు మారే ఉద్యోగం కాబట్టి, చదువులు పాడవుతాయని అమ్మాయిలిద్దర్నీ ఏలూరులో మా అత్తగారి దగ్గర ఉంచాం. పెద్దది స్నేహ, ఏడో తరగతి. చిన్నదాన్ని చిన్నీ అంటాం, రెండో తరగతి. మిగతావాళ్లు పిల్లల్ని చేతుల్లో పెంచుతారు, మేం ఫోన్లో పెంచుతున్నాం. రోజూ స్కూలు ఆటో ఎక్కేముందు చిన్నీ ఫోన్ చేసి ఇంట్లో జరిగినవన్నీ చెబుతుంది. దాని రిపోర్టు మా ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లు రాసేదానికంటే వివరంగా ఉంటుంది.

అంతకుముందు శనివారం స్కూలువాళ్లు పిల్లల్ని కొల్లేరుకి తీసుకెళ్లారు, గూడబాతుల్ని చూపించడానికి. నాకు ఇష్టం లేదు. కోళ్లకి ఏదో జబ్బు తగిలిందని, చికెన్ తినొద్దని అప్పటికే ఫోన్లో మెసేజీలు తిరుగుతున్నాయి. పక్షుల దగ్గరికి పోవద్దు, ఈకలు ఏరొద్దు, మాస్కు తియ్యొద్దు అని స్నేహకి పదిసార్లు చెప్పాను. పదకొండోసారి చెప్పబోతే, "నాన్నా, వాటికి మనమంటేనే భయం. అవి దగ్గరికి రావు" అంది.

ఇక గురువారం. షెడ్డులో క్రేన్ తనిఖీ చేస్తుంటే చిన్నీ ఫోన్.

"నాన్నా, అక్క ఇవాళ స్కూలుకి రావట్లేదు. అక్కని కాకి ముట్టుకుంది."

మీలో కొందరు ఇప్పటికే నవ్వుతున్నారు. ఆగండి. నాకు మాత్రం క్రేను, షెడ్డు, మనుషులు అన్నీ ఒక్కసారి దూరంగా జరిగినట్టయింది. ఎక్కడ ముట్టుకుందమ్మా అని అడిగాను. ఒంటి మీద ఎక్కడా అని నా ఉద్దేశం.

"బాత్రూమ్‌లో అనుకుంటా."

బాత్రూమ్‌లోకి కాకి ఎలా వచ్చిందంటే, కిటికీ ఉంది కదా నాన్నా, అంది. అప్పటికే అది ఆ విషయం మీద బాగా ఆలోచించినట్టుంది. గోళ్లతో గీరిందా, ముక్కుతో పొడిచిందా అని అడిగాను. తెలీదంది. పొద్దున అక్క అమ్మమ్మని పిలిచిందట, ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారట. తర్వాత అమ్మమ్మ అక్కకి విడిగా చాప వేసిందట. కంచం వేరు, గ్లాసు వేరు. బట్టలు విడిగా తడిపారట. అక్కని ముట్టుకోవద్దని చిన్నీకి గట్టిగా చెప్పారట.

"ఎవరికీ చెప్పొద్దంది అమ్మమ్మ. నీకు చెప్పొచ్చు కదా?"

ఇంతలో ఆటో వచ్చిందని పెట్టేసింది.

చూడండి, విడి చాప, విడి కంచం, బట్టలు వేరు, ఎవరికీ చెప్పొద్దు. నేను ఏడాదికోసారి కార్మికులకి అంటువ్యాధుల మీద క్లాసు చెబుతాను. మా అత్తగారు చేసినవన్నీ ఆ క్లాసులో వరసగా ఉన్నాయి. ఆవిడ అత్తిలి వైపు రైతుల ఇంటి మనిషి, ఊరికే కంగారుపడే రకం కాదు. అలాంటావిడ ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నారంటే, పరిస్థితి చెయ్యి దాటిందన్నమాట.

ఆవిడకి ఫోన్ చేశాను. మా అత్తగారు నాతో మాట్లాడేటప్పుడు ఫోన్లో కూడా తలుపు చాటు నుంచే మాట్లాడతారు. స్నేహ ఎలా ఉందండీ అంటే, కొంచెం నీరసంగా ఉందండీ, కడుపులో నొప్పంటోంది, పడుకుంది అన్నారు. జ్వరం ఉందా అంటే లేదన్నారు. డాక్టరుకి చూపిద్దామంటే, దీనికి డాక్టరెందుకండీ, ఐదు రోజులుంటే అదే పోతుంది అన్నారు. ఐదు రోజులు! పాపకి ఫోనివ్వండి అంటే, ఇప్పుడు ఇవ్వకూడదులెండి అన్నారు. నేను ఆగలేక సూటిగా అడిగేశాను, నా దగ్గర ఏదో దాస్తున్నారు కదండీ అని.

"దాచడం కాదండీ. మీకు చెప్పేది కాదది. పద్మ డ్యూటీ నుంచి వచ్చాక దానికి చెప్పుకుంటానండీ."

అంటే విషయం తండ్రికి చెప్పలేనంతగా ఉంది. పద్మకి చేస్తే ఫోన్ ఎత్తలేదు. థియేటర్లో పెద్ద ఆపరేషన్, మధ్యాహ్నం దాకా బయటికి రాదని ఆసుపత్రివాళ్లు చెప్పారు. నేను షెడ్డు బయట సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాను. ఆ పిల్ల ఒంటరిగా చాప మీద పడుకుని ఉంటుంది. దానికేమైందో దానికి చెప్పేవాళ్లు లేరు. నాన్న లేడు, అమ్మ లేదు. ఆవేళ ఏలూరు వెళ్లే రైలు ఏదీ లేదని ఫోన్లో చూసి తెలుసుకున్నాను. నేను వెళ్లేదాకా ఆ పిల్లని ఎవరు చూసుకుంటారు?

అప్పుడు నాలో ఉద్యోగి లేచాడు. ప్రమాదాన్ని దాచిపెట్టేవాడు పదిమంది ప్రాణాలు తీస్తాడని కార్మికులకి చెప్పేది నేనే కదా. మా అత్తగారి వీధికి ఒక వాట్సాప్ గ్రూపుంది, మంచినీళ్లు ఎప్పుడొస్తాయో, చెత్త బండి ఎప్పుడొస్తుందో చెప్పుకోవడానికి. పిల్లల కోసమని నేనూ అందులో చేరాను. ఇలా రాశాను:

"అందరికీ నమస్కారం. ఈ ఉదయం మా పెద్దమ్మాయి స్నేహను కాకి ముట్టుకుంది. ప్రస్తుతం పాపను విడిగా ఉంచాం. ఇలాంటివి దాచిపెట్టడం తప్పు. మూడు రోజులుగా స్నేహతో కలిసి ఆడుకున్న పిల్లలను తల్లిదండ్రులు గమనించుకోగలరు."

రెండుసార్లు చదువుకుని, అక్షరదోషాలు లేవని చూసుకుని మరీ పంపాను.

నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. మొదటిది, "శుభం అండీ."

చెయ్యి జారి నొక్కి ఉంటారనుకున్నాను. తర్వాత, "చాలా సంతోషం అండీ, చిట్టితల్లికి మా ఆశీస్సులు." ఆ వెనకే పసుపుపచ్చ పూల బొమ్మలు. స్నేహ స్నేహితురాలి తండ్రి ఎవరో, "మీలాంటి తండ్రులు ఉండాలి సార్, ఈ రోజుల్లో కూడా చాలామంది దాచుకుంటున్నారు" అని రాశాడు. ఆ ఒక్కటీ నాకు సబబుగా అనిపించింది. ఒకావిడ ఎన్నో రోజండీ అని అడిగింది. మొదటి రోజే, లక్షణాలు ఇంకా పూర్తిగా బయటపడలేదు అని జవాబిచ్చాను. దానికి నవ్వుతున్న ముఖాలు ఏడు వచ్చాయి.

ఇంకొకరు, "భోజనాలు ఎప్పుడండీ?" అన్నారు.

పిల్ల చాప మీద ఉంటే భోజనాలు అడుగుతారా? నేను లేనప్పుడు ఆ వీధికి ఏమైనా అయిందా?

గ్రూపు వదిలేసి కింద ఇంటి సుబ్బారావుగారికి ఫోన్ చేశాను. రిటైరైన పెద్దమనిషి, ఎవరికి ఏ సాయం కావాలన్నా కాదనరు. ఆయన గ్రూపు చూడరు, కళ్లు లాగుతాయని. ఆయనకి విషయం చెప్పి, డాబా మీదికి వెళ్లి చచ్చిన కాకి ఏమైనా ఉందేమో చూడమన్నాను. ఉంటే చేత్తో తాకొద్దని, రెండు కవర్లు తొడుక్కుని డబ్బాలో పెట్టమని, దాన్ని పరీక్షకి పంపాలని చెప్పాను. ఆయన ఎందుకని ఒక్క మాటైనా అడగలేదు. మెట్లెక్కుతున్న ఆయాసం ఫోన్లో వినిపిస్తూనే ఉంది.

"చచ్చినవి లేవండీ. బతికున్నవి రెండున్నాయి, ట్యాంకు మీద. వాటిలో ఏదైనా పట్టమంటారా?"

వద్దండీ, దూరంగా ఉండండి అన్నాను. ఆయన కాసేపు ఊపిరి తీసుకుని, మా వైపు ఈ పద్ధతి లేదండీ, మీ చర్చివాళ్లలో కాకి కావాలన్నమాట అన్నారు, ఎంతో మర్యాదగా. నాకేం అర్థం కాలేదు. ఏ పద్ధతండీ అన్నాను. ఆయనకీ అర్థం కాక ఫోను వాళ్లావిడ కాంతమ్మగారికి ఇచ్చారు. నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కొల్లేరు, గూడబాతులు, కోళ్ల జబ్బు, బాత్రూమ్ కిటికీ అన్నీ. ఆవిడ మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. చివరికి ఒక్క మాటన్నారు.

"నాయనా, మమ్మల్నందర్నీ ముట్టుకున్న కాకేనయ్యా అది. మీ అమ్మాయి పెద్దమనిషయింది."

ఏం చెప్పమంటారండీ! తెలుగువాడివై పుట్టి ఆ మాట తెలీదా అంటారు. నిజంగా తెలీదు. మాది తాడేపల్లిగూడెం, మిషన్ స్కూలు టీచర్ల ఇల్లు. మా ఇంట్లో కాకి లేదు. అమ్మ ఏ నెలా ఏ మూలా కూర్చోలేదు, బడి మానలేదు. ఎప్పుడైనా ఒంట్లో బాగోలేదు అనేది, అంతే. నాకు తెలిసినదంతా సాయంత్రం కుటుంబ ప్రార్థనలో తెలిసింది. బైబిల్లో రోజుకో అధ్యాయం, వరసగా, పిల్లలం తలో వంతు చదవాలి. ధర్మశాస్త్రం భాగాల్లో ఒకచోటికి వచ్చేసరికి నాన్న గొంతు సవరించుకుని, ఇవాళ తర్వాతి అధ్యాయం చదువు అనేవారు. నేను మర్నాడు ఆయన వదిలేసింది తీసి చదివేవాణ్ణి. మా ఇంట్లో జీవిత సత్యాలన్నీ వదిలేసిన అధ్యాయాల్లోనే ఉండేవి. అక్కడ ఉన్నది చదివి భయమేసేదే తప్ప ముక్క అర్థమయ్యేది కాదు. ఎవర్ని అడగాలో తెలీదు. అందుకే స్నేహ పుట్టినప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, నా పిల్లకి ఏ అధ్యాయం వదలనని. కంప్యూటర్లో పదకొండు స్లైడ్లు తయారుచేశాను. దానికి పదేళ్లు వచ్చినప్పుడు చూపిద్దామనుకున్నాను. పదకొండు వచ్చాక సెలవుల్లో అనుకున్నాను. సెలవులొచ్చాక నెట్ సరిగ్గా లేదనుకున్నాను. నెట్ బాగానే ఉంది.

ఆ భయం పోయి దానికంటే పెద్దది పట్టుకుంది. ఇంతసేపూ నా కూతురికి జబ్బేమోనని భయం. ఇప్పుడు నా కూతురికి నేనేం చేశానా అని. వీధిలో ప్రతి ఇంట్లో, దానితో ట్యూషన్‌కి వచ్చే పిల్లల ఇళ్లలో, దాని ఒంటి సంగతి దాని తండ్రే రాసి పెట్టాడు. పైగా దాచిపెట్టడం తప్పు అని ఒక నీతి కూడా. ఆ వయసులో ఆడపిల్ల తండ్రికి ఏదైనా చెప్పుకోవడం మొదలే కష్టం. ఇక జన్మలో చెబుతుందా?

ఫోన్ తీసి ఆ మెసేజీని అందరికీ కనిపించకుండా తీసేశాను. అదింకో తప్పు. వెంటనే ఎవరో, "ఏమైందండీ? కాదని తేలిందా?" అని అడిగారు. దానికి ఏం జవాబు చెప్పాలో మీకెవరికైనా తోస్తే చెప్పండి.

అంతలో మా అత్తగారి ఫోన్. తిడతారనుకున్నాను, తిట్టినా పడదామనుకున్నాను. కాంతమ్మగారు పైకొచ్చి అంతా చెప్పారట. ఆవిడ ఈసారి తలుపు చాటు నుంచి కాకుండా మనిషితో మాట్లాడినట్టే మాట్లాడారు. పద్నాలుగేళ్లలో నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అత్తిలిలో తనకి పన్నెండేళ్లప్పుడు, నాట్లు వేస్తున్న చేలోంచి గట్టెక్కి చూసుకుంటే రక్తమట. జలగ పట్టిందనుకున్నారట. ఎంత వెతికినా జలగ కనపళ్లేదట, లోపలికి పోయిందనుకున్నారట. కాలవలో కడుక్కుని, ఎవరికీ చెప్పకుండా, ఇక చచ్చిపోతానని ఒక రోజంతా ఎదురుచూశారట.

"ఆ భయం పిల్లకి ఉండకూడదనే కాకి అని చెప్పానండీ చిన్నదానికి. నాకు వాళ్లమ్మ చెప్పినట్టు చెప్పడం రాదు. మీరు భయపడతారని అనుకోలేదండీ."

నేను క్షమించమన్నాను. స్నేహకి తెలిసిందా అని అడిగాను. గ్రూపు సంగతి తెలిసింది అన్నారు. ఏమంది అంటే, గోడ వైపు తిరిగి పడుకుంది అన్నారు.

పద్మ ఒంటిగంటకి చేసింది. అప్పటికే తల్లితో మాట్లాడిందట. నేను చెప్పినదంతా వింది. నేను స్లైడ్ల సంగతి ఎత్తాను, ముందే చూపించి ఉంటే పిల్ల ఇంత భయపడేది కాదు కదా అన్నాను. పిల్ల ఎందుకు భయపడిందండీ, భయపడింది మీరు, అంది. దానికి తొమ్మిదేళ్లప్పుడే పద్మ అన్నీ చెప్పేసిందట. నల్లజర్ల పెళ్లికి వెళ్తూ బస్సులో, పేపర్ మీద బొమ్మ వేసి మరీ. ఆ బస్సులో నేనూ ఉన్నాను. వెనక సీట్లో.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు భయపడతారని."

సాయంత్రం స్నేహకి వీడియో కాల్ చేశాను. నాలుగుసార్లు నంబరు నొక్కి, నాలుగుసార్లు ఆపేశాను. ఐదోసారి నేను నొక్కకముందే అదే చేసింది. కొత్త చాప మీద కూర్చుని ఉంది. అమ్మమ్మ ఇచ్చిన నువ్వుల చిమ్మిలి ఉండ చేతిలో సగం తిని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి.

"గ్రూపులో పెట్టింది నువ్వేనా నాన్నా?"

నేనే అన్నాను. ఎందుకని అడిగింది. ఏం దాచకుండా మొత్తం చెప్పాను. కాకి కిటికీలోంచి వచ్చిందనుకోవడం, కోళ్ల జబ్బు, విడి కంచం, రైళ్లు వెతుక్కోవడం, పాపం సుబ్బారావుగారు ట్యాంకు మీద కాకుల్ని పట్టమంటారా అని అడగడం. అది వింటూ చిమ్మిలి తినడం మానేసింది. పెదవి బిగబట్టింది. ఏడుస్తుందేమోనని నేను ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాను. అది నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోలేకపోయింది. కడుపు పట్టుకుని, నొప్పి నాన్నా నవ్వించకు, అంటూ నవ్వింది.

నవ్వాక మళ్లీ సీరియస్ అయింది. రేపు కాదు, వచ్చే వారం ట్యూషన్‌కి ఎలా వెళ్లాలి, అందరూ చూస్తారు అంది. తప్పు నాది అన్నాను. అది ఆలోచించి, సరేలే, ఎవరైనా అడిగితే మా నాన్న కాకిని వెతికించాడని చెప్తా, అప్పుడు నా సంగతి మర్చిపోయి నీ గురించే మాట్లాడుకుంటారు అంది. ఒప్పుకున్నాను. ఇంతకంటే న్యాయమైన శిక్ష ఎవరేస్తారు?

తర్వాత టీచరులా సర్దుకు కూర్చుంది. అసలు నీకేం తెలుసో చెప్పు నాన్నా, అంది. స్లైడ్లలో ఉన్నది అప్పజెప్పాను. మూడో స్లైడులో ఒకటి, ఏడో స్లైడులో ఒకటి తప్పంది. తప్పేమిటో చెప్పి సరిచేసింది. ఎక్కడా గొంతు సవరించుకోలేదు, ఏదీ వదిలెయ్యలేదు. నలభై నాలుగేళ్ల వయసులో, ఇద్దరు ఆడపిల్లల తండ్రినయ్యాక, నాకు మొట్టమొదటిసారి సంగతి పూర్తిగా అర్థమైంది.

ఇంత బాగా చెప్పావు కదమ్మా, చిన్నీ పెద్దదయ్యాక దానికి కూడా చెప్పాలి, అప్పుడు నేను చెప్పనా అని అడిగాను, కొంచెం ఆశగా.

"వద్దు. దానికి నేనే చెప్తా. కావాలంటే నువ్వూ వచ్చి కూర్చో నాన్నా. ఫోన్ మాత్రం బయట పెట్టి రా."